నది లేని ఊరికి మూడు రోజుల యాత్ర

తెలుగువారి సాంస్కృతిక యాత్రలు సాధారణంగా ఏదో ఒక నది ఒడ్డుకే చేరుతాయి. రాజమహేంద్రవరం, ధర్మపురి, భద్రాచలం, అమరావతి, ఆలంపురం. ఊరి చరిత్ర రేవు మెట్ల దగ్గర మొదలవుతుంది, గుడి ప్రాకారంలో శాసనమై నిలుస్తుంది. శుక్రవారం రాత్రి రైలెక్కి, రెండు రోజులు తిరిగి, సోమవారం ఉదయానికి ఇల్లు చేరవచ్చు. అదే అలవాటుతో అండమాన్ ప్రయాణానికి సిద్ధమయ్యే యాత్రికుడికి మొదట తట్టే వింత ఒకటుంది. ఆ ఊరికి నది లేదు. కొండ వాగుల నీటిని ధనిఖారి ఆనకట్ట వెనుక నిలుపుకొని తాగే ఊరది. వేసవిలో అక్కడ నీటి ఎద్దడి మామూలే. నది లేకపోవడంతో పాటు పుష్కరం లేదు, స్థలపురాణం లేదు, రాజు కట్టించిన రేవు లేదు. ఉన్న రేవులన్నీ ఖైదీలు కట్టినవే.

ఆ ఊరి పేరు 2024 సెప్టెంబరు 13 వరకు పోర్ట్‌బ్లెయిర్. ఆనాటి నుంచి శ్రీవిజయపురం. చెన్నై నుంచి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. విమానంలో రెండు గంటలు దాటితే చేరుకోవచ్చు. విశాఖపట్నం నుంచి నడిచే ఓడ ఎక్కితే మూడు రోజుల ఓపిక ఉండాలి. టూరు నిర్వాహకులు అమ్మే మూడు రోజుల యాత్రకు ఒక మూస ఏర్పడిపోయింది: మొదటి సాయంత్రం సెల్యులార్ జైలు, అక్కడి ధ్వని కాంతి ప్రదర్శన, రెండోనాడు రాస్ దీవి, మూడోనాడు హేవ్‌లాక్ ఇసుక తీరం. ఇందులో తప్పుబట్టవలసింది పెద్దగా లేదు. అయితే ఈ మూసలో ఇమడకుండా జారిపోయే చరిత్రే ఎక్కువ. దానిని కూడా మూడు రోజుల్లో చూడవచ్చు, కాస్త ముందుగా ఆలోచించుకొని వెళితే.

పేరుతోనే మొదలుపెట్టాలి. శ్రీవిజయం సుమత్రా దీవిలో వెలసిన సముద్ర రాజ్యం. దాని కేంద్రం నేటి పాలెంబాంగ్ నగరం. అది నదీతీర పట్టణమే. ఆ నది పేరు మూసీ అని తెలిస్తే హైదరాబాదీలు చిన్నగా నవ్వుకుంటారు. క్రీ.శ. 1025లో రాజేంద్ర చోళుడి నౌకాదళం ఈ శ్రీవిజయం మీదనే దండెత్తింది. తంజావూరు శాసనం ఆ దండయాత్రలో గెలిచిన రేవుల జాబితా ఇస్తుంది. ఆ జాబితాలో శ్రీవిజయం ఉంది, కడారం ఉంది, 'మానక్కవారం' కూడా ఉంది. ఆ చివరిది నికోబార్. పోర్ట్‌బ్లెయిర్ రేవు గురించి మాత్రం అందులో ఒక్క మాట లేదు. పేరు మార్పును ప్రకటిస్తూ కేంద్ర హోం మంత్రి రెండు కారణాలు చెప్పారు. స్వాతంత్ర్య పోరాట విజయానికి ఈ పేరు సంకేతమన్నది ఒకటి. ఈ దీవులు ఒకప్పుడు చోళుల నౌకా స్థావరమన్నది రెండోది. మొదటి కారణం మీద వాదించవలసింది లేదు. రెండోదానిలో ఒక చమత్కారం దాగి ఉంది. చోళుల కీర్తిని తలచుకోవడానికి ఎంచుకున్న పేరు, చోళులు కొల్లగొట్టిన రాజ్యం పేరు కూడా అయింది.

ఈ చమత్కారంలో తెలుగువారికీ ఒక వాటా ఉంది. ఆ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవి. ఆమెను వివాహమాడినవాడు గోదావరి ఒడ్డున రాజ్యమేలిన రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం చేపట్టించినవాడు. వారి కుమారుడే 1070లో కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. బంగాళాఖాతం ఆవలి ఒడ్డును వణికించిన వంశమూ, తెలుగు కావ్యానికి తొలి ఆశ్రయమిచ్చిన వంశమూ వియ్యమందినవి. రాజమండ్రి కూడా 2015లో తన పాత పేరును అధికారికంగా తిరిగి తెచ్చుకుంది. అయితే ఆ పేరు ఆ ఊరిదే, అక్కడి శాసనాల్లో, కావ్యాల్లో ఉన్నదే. శ్రీవిజయపురం అన్నది అక్కడ ఎవరి నోటా ఏనాడూ లేని పేరు. రెండు మార్పులనూ ఒకే గాటన కట్టడం కుదరదు.

అలాగని పాత పేర్లన్నింటికీ కన్నీరు కార్చవలసిన పనీ లేదు. 2018 డిసెంబరు 30న మూడు దీవుల పేర్లు మారాయి. రాస్ నేతాజీ సుభాష్ చంద్ర బోస్ ద్వీపమయింది, నీల్ షహీద్ ద్వీపమయింది, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీపమయింది. నీల్, హేవ్‌లాక్ ఇద్దరూ 1857 తిరుగుబాటును అణచిన సేనానులు. అలహాబాదు పరిసరాల్లో నీల్ సాగించిన ఉరితీతలను భారతీయులు మరచిపోలేదు. మద్రాసు మౌంట్ రోడ్డులో ఉన్న అతని విగ్రహాన్ని తొలగించాలని 1927లో సత్యాగ్రహమే నడిచింది. పదేళ్ల తర్వాత రాజాజీ ప్రభుత్వం దానిని తీయించి మ్యూజియానికి పంపింది. విగ్రహం పోయాక ఎనభై ఏళ్ల పాటు ఒక దీవి ఆ పేరు మోయవలసి రావడమే ఆశ్చర్యం. (రాజమహేంద్రవరం పాత రైలు వంతెన పేరులోని హేవ్‌లాక్ వేరు. ఆయన మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవ్‌లాక్. ఇద్దరినీ కలిపేసే వ్యాసాలు తెలుగులో తరచు కనిపిస్తాయి.) ఇక పోర్ట్‌బ్లెయిర్‌కు పేరిచ్చిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1788–89లో ఈ తీరాన్ని కొలిచి పటం గీసిన నావికాధికారి. ఎవరినీ ఉరితీసినవాడు కాడు. ఉరితీసినవాడు వేరే ఉన్నాడు. అతని పేరు ఆ ఊరికి పెట్టలేదు.

అతడు డాక్టర్ జేమ్స్ పాటిసన్ వాకర్. బ్లెయిర్ కాలంలో మొదలైన తొలి వలస కొన్నేళ్లకే జ్వరాలతో మూతపడింది. 1857 తర్వాత మళ్లీ ఈ దీవులు కంపెనీ వారికి గుర్తుకొచ్చాయి. 1858 మార్చి 10న వాకర్ 200 మంది ఖైదీలతో చాతం దీవి దగ్గర దిగాడు. అడవిలోకి పారిపోయి, ఆకలికి తాళలేక, ఆదివాసుల బాణాలకు భయపడి తిరిగి వచ్చినవారిని, పట్టుబడినవారిని ఎనభై మందికి పైగా ఒకేసారి ఉరితీయించాడు. కలకత్తా ప్రభుత్వమే ఆ తీవ్రతకు నివ్వెరపోయింది. చాతం ఇప్పుడు వంతెన మీదుగా నడిచి చేరగలిగినంత దగ్గర. అక్కడ 1883లో పెట్టిన రంపపు మిల్లు ఉంది. పడౌక్ దుంగల వాసన మధ్య తిరిగే సందర్శకులు మిల్లును చూస్తారు, ఆ నేలను చూడరు.

అబర్డీన్ బజారు దగ్గర ఒక స్మారకం ఉంది. 1859 మే నెలలో గ్రేట్ అండమానీ ఆదివాసులు బ్రిటిష్ శిబిరం మీద విల్లంబులతో దాడి చేశారు. కానీ ఆ దాడి సంగతి ముందే శిబిరానికి చేరిపోయింది. చేరవేసినవాడు దూధ్‌నాథ్ తివారీ అనే పారిపోయిన ఖైదీ. ఆదివాసుల మధ్య ఏడాది పాటు బతికి, వారి ఇంటి పిల్లను పెళ్లాడి, చివరకు వారినే పట్టించి, క్షమాభిక్ష పుచ్చుకొని వెళ్లిపోయాడు. ఈ కథను విన్నవారికి వలస పాలకుడు, బాధిత భారతీయుడు అన్న సులువైన విభజన అంత సులువుగా మిగలదు. ఆనాడు గ్రేట్ అండమానీలు కొన్ని వేల మంది. తుపాకులు కొంత, తట్టు, సవాయి రోగాలు మరెంతో పని చేశాక ఈనాడు మిగిలింది సుమారు యాభై మంది. వారి భాషల్లో ఒకటైన 'బో' మాట్లాడగలిగిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసింది. 1857 వీరులను తలచుకోవడానికి వెళ్లే యాత్రికుడు ఆ ఊళ్లో మొదట తల వంచవలసిన చోటు అబర్డీన్ స్మారకమే.

సెల్యులార్ జైలు గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పవలసింది తక్కువ అనిపించవచ్చు. సినిమాలు, పాఠ్యపుస్తకాలు చాలా చెప్పాయి. 1896 నుంచి 1906 దాకా కట్టారు. నడిమి బురుజు నుంచి చక్రపు ఆకుల్లా ఏడు పక్షాలు, మూడంతస్తులు, ఆరు వందల తొంభైకి పైగా ఒంటరి గదులు. ఒక పక్షం ముఖం ఇంకో పక్షం వీపును చూస్తుంది. ఖైదీకి ఖైదీ కనబడడు. అయితే ఈ జైలు కట్టింది రాజకీయ ఖైదీల కోసం కాదన్నది అంతగా ప్రచారంలో లేదు. 1890లో లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే అధికారులు వచ్చి చూసి, దేశంలోని జైళ్ల కంటే అండమాన్ బతుకే మేలని ఖైదీలు అనుకుంటున్నారని తేల్చారు. బారకాసుల్లో ఉండి, ఆరుబయట పనిచేసి, కొన్నేళ్లకు అనుమతి చీటీ సంపాదించి, పొలం చేసుకొని, పెళ్లాడే వీలు ఆ వలసలో ఉండేది. ఆ భయం లేని బతుకుకు ముందు ఆరు నెలల ఒంటరి నరకం తగిలించడానికే ఈ జైలు. రాజకీయ ఖైదీలు దానికి దొరికిన తర్వాతి బలి. 1909 నుంచి మానిక్‌తలా కేసు వారు వచ్చారు. బారీంద్ర ఘోష్, ఉల్లాస్కర్ దత్, 1911లో సావర్కర్, ఆ తర్వాత గదర్ వీరులు. రోజుకు ముప్పై పౌండ్ల నూనె గానుగ తిప్పి తీయాలి. ఇందుభూషణ్ రాయ్ 1912లో గదిలోనే ఉరి వేసుకున్నాడు. ఉల్లాస్కర్ దత్‌కు మతి చలించింది.

ఈనాటి ప్రదర్శనలో ఒక్కరి గొంతు పెద్దదిగా, మిగిలినవారిది చిన్నదిగా వినిపిస్తుందన్న ఫిర్యాదు పాతదే. 2004లో అప్పటి పెట్రోలియం మంత్రి మణిశంకర్ అయ్యర్ అక్కడి జ్యోతి దగ్గరి సావర్కర్ పలక తీయించి గాంధీ పలక పెట్టించినప్పుడు పార్లమెంటు దద్దరిల్లింది. సావర్కర్ పదేళ్లు అక్కడ పడిన బాధ నిజం. ఆయన పెట్టుకున్న క్షమాభిక్ష అర్జీలూ నిజం. బారీంద్రుడూ అర్జీ పెట్టాడు. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి చూపగలిగిన ఫలకం ఒక్కటి ఉన్నా ఆ గొడవకు తావుండేది కాదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పలకలు మార్చడం ఒక్కటే మన పార్టీలకు తెలిసిన చరిత్ర రచన.

పలకల గొడవలో పడి మరుగైనది 1930ల తరం. 1932లో మళ్లీ రాజకీయ ఖైదీలను పంపడం మొదలయింది. వారిలో అత్యధికులు బెంగాలీ యువకులు. 1933 మే నెలలో నిరాహార దీక్ష చేసినవారికి బలవంతంగా పాలు పట్టబోతే మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలు పోయాయి. ఆ మరణాల తర్వాతే వెలుతురు, పుస్తకాలు, కలిసి చదువుకునే వీలు దక్కాయి. 1935లో హరేకృష్ణ కోనార్ తదితరులు జైల్లోనే కమ్యూనిస్ట్ కన్సాలిడేషన్ ఏర్పరచారు. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకర వేంకటాచారి ఈ తరంవాడే. 1937 జూలైలో మొదలైన రెండో దీక్ష దేశమంతటినీ కదిలించింది. గాంధీ, టాగూరు జోక్యం చేసుకున్నారు. 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీలందరూ స్వదేశం చేరారు. ఒక కాలాపానీని జైలు లోపలి నుంచి మూయించిన ఘనత ఆ యువకులది. ధ్వని కాంతి ప్రదర్శనలో ఈ అధ్యాయానికి ఇంకా చాలా చోటు ఉండాలి.

తెలుగు నేల నుంచి ఈ సముద్రం దాటినవారిలో వేంకటాచారి కంటే యాభై ఏళ్ల ముందువారున్నారు. 1879లో రంప కొండల్లో ముఠాదారులు, కోయలు, కొండరెడ్లు తిరగబడ్డారు. చెట్టు మీది కల్లుకు కూడా పన్ను కట్టమనడం, మన్సబుదారు దోపిడీ, కోర్టుల్లో ఓడిపోతున్న భూములు దానికి కారణాలు. 1880 నాటికి ఆ తిరుగుబాటును అణచివేసి, పట్టుబడినవారిలో పలువురిని అండమాన్‌కు పంపారు. అప్పటికి సెల్యులార్ జైలే లేదు కనుక, ఆ జైలు గోడల మీది పాలరాతి జాబితాలో వారిని వెతకడం వృథా. అల్లూరి సీతారామరాజుకు 2022లో భీమవరంలో ముప్పై అడుగుల విగ్రహం వెలిసింది. ఆయనకు నలభై ఏళ్ల ముందు అదే కొండల నుంచి గోదావరి దాటి, సముద్రం దాటి, తిరిగిరాని మనుషుల పేర్లు ఎన్నికల ప్రసంగాల్లో వినిపించవు.

వైపర్ దీవిలో ఉరికంబం మండపం ఉంది. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయోను హోప్‌టౌన్ రేవులో పొడిచిన షేర్ అలీ అఫ్రీదీని అక్కడే ఉరితీశారు. హత్యకు గురైన ఏకైక వైస్రాయి మేయో. పడవ దొరికితే ఒక పూట చాలు.

రాస్ దీవిలో మాత్రం ఒక ఉదయం గడపాలి. చీఫ్ కమిషనరు బంగళా, చర్చి, రొట్టెల బట్టీ, నాట్యశాల శిథిలాల్ని మర్రి ఊడలు చుట్టుకొని ఉన్నాయి. ఎనభై ఏళ్లకు పైగా దీవుల రాజధానిగా ఉన్న ఆ చోటును 1941 జూన్ 26న భూకంపం దెబ్బతీసింది. మరుసటి ఏడాది మార్చి 23న జపాను సైన్యం దిగింది.

అక్కడి నుంచి మూడున్నరేళ్ల చరిత్రను యాత్రల మూస దాదాపుగా వదిలేస్తుంది. వదిలేయడానికి కారణం ఊహించడం కష్టం కాదు. అది ఎవరి రాజకీయానికీ సుఖంగా ఉండే కథ కాదు. 1943 డిసెంబరు 30న నేతాజీ జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగరేశారు. అండమాన్‌కు షహీద్, నికోబార్‌కు స్వరాజ్ అని ఆయన పేర్లు పెట్టారు. (2018లో ఆ పేర్లు రెండు చిన్న దీవులకు అంటుకున్నాయి. నేతాజీ ఉద్దేశం అది కాదు.) సరిగ్గా ఆ రోజున అదే ఊళ్లో, అదే సెల్యులార్ జైల్లో, డాక్టర్ దీవాన్ సింగ్ జపాను వారి చిత్రహింసల్లో ఉన్నాడు. ఆయన ఊరి వైద్యుడు, 'కాలేపాణీ' అన్న పేరుతో పంజాబీ కవి, గురుద్వారా కట్టించినవాడు, ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక శాఖను నడిపినవాడు. అంటే నేతాజీ ఉద్యమానికి చెందినవాడే. గూఢచారి అన్న నెపంతో అక్టోబరులో పట్టుకెళ్లారు. జెండా ఎగిరిన రెండు వారాలకు, 1944 జనవరి 14న చనిపోయాడు. జనవరి 30న హంఫ్రీగంజ్ దగ్గర తవ్విన గోతి ముందు నలభై నాలుగు మందిని నిలబెట్టి కాల్చారు. వారిలోనూ లీగ్ సభ్యులున్నారు. యుద్ధం ముగియబోతున్న 1945 ఆగస్టులో తిండి కొరత తీర్చుకునేందుకు వందలాది పౌరుల్ని పడవలెక్కించి, అప్పటికి జనసంచారం లేని హేవ్‌లాక్ దీవి సమీపంలో సముద్రంలోకి దూకించారు. మునిగినవారు మునిగారు, ఒడ్డు చేరినవారిలో అత్యధికులు ఆకలితో పోయారు. రాధానగర్ తీరంలో సూర్యాస్తమయం చూసే పర్యాటకులకు ఈ సంగతి చెప్పే ఫలకం ఉండటం న్యాయం.

నేతాజీకి ఇవన్నీ చూపించలేదు. ఆయన చుట్టూ ఉన్నది జపాను అధికారుల వలయం. ఇందులో ఆయన దోషమెంత అన్న చర్చ చరిత్రకారులు చేయవలసిందే. కానీ జెండా ఎగిరిన మైదానానికి వెళ్లే ప్రతి యాత్రా పథకంలో హంఫ్రీగంజ్ కూడా ఉండాలి. ఆ స్మారకం ఊరికి దూరమేమీ కాదు. అరపూట సరిపోతుంది. మూడో రోజు హేవ్‌లాక్ పడవను వదులుకుంటే ఆ సమయం దొరుకుతుంది.

దారిలో ఊళ్ల పేర్లు చదవాలి. కాలికట్, మన్నార్‌ఘాట్, తిరూర్, వండూర్. 1921 మలబారు తిరుగుబాటు తర్వాత శిక్ష పడిన మాప్పిళ్లలు తమ ఊళ్ల పేర్లను వెంట తెచ్చుకున్నారు. వారి కుటుంబాలూ తర్వాత వచ్చి చేరాయి. బర్మా నుంచి కరెన్లు, రాంచీ నుంచి అడవి కూలీలు, 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులు. 1891 యుద్ధం తర్వాత మణిపూర్ రాజు కులచంద్రుడు ప్రవాసమున్న మౌంట్ హారియెట్ కొండకు 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. ఈ మధ్య పేరు మార్పుల్లో నేల చరిత్రకు అతి దగ్గరగా ఉన్నది అదే.

తెలుగువారు ఇక్కడ తక్కువేమీ కాదు. 2011 జనగణనలో 3.8 లక్షల జనాభాలో దాదాపు 50 వేల మంది తెలుగును మాతృభాషగా చెప్పారు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన కుటుంబాలవారు. తెల్లవారుజామున జంగ్లీఘాట్ చేపల రేవుకు వెళితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. పేరులో ఘాట్ ఉంది, నది లేదు. అక్కడి పొద్దు కూడా మన గడియారానికి లొంగదు. దేశమంతటికీ ఒకే సమయం కావడం వల్ల శీతకాలంలో సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. అందుకే చూడవలసినవన్నీ ఉదయం ఆరింటి నుంచే మొదలుపెట్టుకోవాలి. అక్టోబరు చివరి నుంచి మే మొదటి వారం దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది.

ఒక్క ప్రయాణం మాత్రం జాబితాలో నుంచి కొట్టివేయదగినది. బారాటాంగ్ సున్నపురాయి గుహలకు రోడ్డు మీద తీసుకెళ్లే యాత్ర జారవాల అడవి మధ్య నుంచి సాగుతుంది. ఆ రోడ్డును అక్కడ మూయాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో తిండి ఆశ చూపి జారవా స్త్రీల చేత నాట్యం చేయించిన వీడియోలు ప్రపంచమంతా చూసింది. వాహనాల వరుస ఇంకా నడుస్తూనే ఉంది. గుహలు చూడాలనే పట్టుదల ఉన్నవారికి పడవ దారి ఉంది.

ఈ దీవుల్లో నదులు అసలు లేకపోలేదు. ఉత్తరాన దిగ్లీపూర్ వైపు కల్పాంగ్ ఉంది. దక్షిణాన గ్రేట్ నికోబార్‌లో గలాథియా ఉంది. ఆ గలాథియా సముద్రంలో కలిసే చోటు తోలు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. 2021లో అక్కడి అభయారణ్యం హోదా తొలగించారు. 2022 నవంబరులో అక్కడ అంతర్జాతీయ సరుకుల ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, కొత్త పట్టణం కట్టే ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చింది. అదే నెలలో గిరిజన మండలి తాను అంతకుముందు ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకుంది. 2004 సునామీలో ఊళ్లు పోగొట్టుకున్న నికోబారీ కుటుంబాలు తమ పాత తీరానికి తిరిగి వెళ్తామని అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాయి.